మేనేజర్ ఆఫ్ ది ఇయర్ అవార్డు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా నవంబర్ వచ్చేసరికి మేజర్ లీగ్ బేస్‌బాల్ చూసే తెలుగువాళ్ల మధ్య ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ తిరుగుతుంటాయి. కప్పు గెలిచినాయనకు కాకుండా ఇంకొకరికి ఇచ్చారేంటి, ఓటు ఎవరిది, ఇద్దరికెందుకు... ఇలా. అన్నీ ఒకచోట చేర్చాం. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. వివరాలు 2025 సీజన్ వరకు ఉన్నాయి.

## మొదట తెలుసుకోవాల్సినవి

బేస్‌బాల్‌లో మేనేజర్ అంటే మన క్రికెట్లో కోచా, కెప్టెనా?

రెండూ కలిపితే మేనేజర్. క్రికెట్లో బౌలింగ్ మార్చేది కెప్టెన్. బేస్‌బాల్‌లో పిచర్‌ను (బంతి విసిరే ఆటగాడిని) మార్చేది మైదానం పక్కన జట్టు కూర్చునే డగౌట్‌లో ఉన్న మేనేజర్. ఎవరు ఏ వరుసలో బ్యాటింగ్‌కి రావాలి, ఎవరి బదులు పించ్ హిట్టర్‌ను (మారుగా వచ్చే బ్యాటర్‌ను) దింపాలి, అంపైర్ నిర్ణయాన్ని వీడియో రివ్యూకి పంపాలా వద్దా అన్నవి కూడా ఆయన చేతిలోనే ఉంటాయి. ఆటగాళ్లను కొనడం, అమ్మడం, జీతాలు మాట్లాడడం మాత్రం ఆయన పని కాదు. అది జనరల్ మేనేజర్ ఆఫీసు చూసుకుంటుంది. ఈ రెండు పదవులనూ ఒకటే అనుకోవడం కొత్తవాళ్లు తరచుగా చేసే పొరపాటు.

ఒక్క సన్నివేశం చూస్తే ఈ ఉద్యోగం బరువు తెలుస్తుంది. ఏడో ఇన్నింగ్స్. పిచర్ అలసిపోయాడు, బేస్‌ల మీద ఇద్దరు రన్నర్లున్నారు. మేనేజర్ నింపాదిగా మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) దాకా నడిచి వెళ్తూ దారిలోనే ఒక చేతిని తడతాడు. కుడి చేతిని తడితే బుల్‌పెన్ (మారు పిచర్లు సిద్ధమయ్యే చోటు) నుంచి కుడిచేతి పిచర్, ఎడమ చేతిని తడితే ఎడమచేతి పిచర్ రావాలని అర్థం. ఆ రెండు క్షణాల వెనక చాలా లెక్కలుంటాయి. 2020 నుంచి కొత్తగా వచ్చిన పిచర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకు బంతులు వెయ్యాలి, లేదా ఆ అర ఇన్నింగ్స్ ముగించాలి. ఒకే ఇన్నింగ్స్‌లో ఒకే పిచర్ దగ్గరికి రెండోసారి వెళ్తే అతన్ని తీసెయ్యక తప్పదు. తప్పు పిచర్‌ను పిలిచి, పొరపాటైందని వెంటనే వెనక్కి పంపే వీలు ఇప్పుడు లేదు.

అసలు ఈ అవార్డు ఎవరిస్తారు? ఎప్పట్నుంచి ఇస్తున్నారు?

బేస్‌బాల్ రైటర్స్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా 1983 నుంచి ఇస్తోంది. ఆటగాళ్లకు మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్, పిచర్లకు సై యంగ్, కొత్తవాళ్లకు రూకీ ఆఫ్ ది ఇయర్ అవార్డులిచ్చే సంఘం ఇదే. ఆ మూడూ చాలా పాతవి, మేనేజర్ల వంతే ఆలస్యంగా వచ్చింది. మొదటి ఏడాది అమెరికన్ లీగ్‌లో షికాగో వైట్ సాక్స్ మేనేజర్ టోనీ లా రుస్సా, నేషనల్ లీగ్‌లో లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ మేనేజర్ టామీ లసోర్డా గెలిచారు.

ప్రతి ఏడాదీ ఇద్దరికి ఎందుకు ఇస్తారు?

లీగ్‌లు రెండు కాబట్టి. అమెరికన్ లీగ్‌లో 15 జట్లు, నేషనల్ లీగ్‌లో 15 జట్లు. ఒక్కో లీగ్‌కి ఒక్కో విజేత.

## ఓటు ఎవరిది, లెక్క ఎలా

ఓటు ఎవరు వేస్తారు? ఆటగాళ్లకూ అభిమానులకూ ఓటు ఉందా?

లేదు. జట్ల వెంట తిరిగి రోజూ వార్తలు రాసే విలేకరులదే ఓటు. లీగ్‌లోని ఒక్కో జట్టు ఊరి నుంచి ఇద్దరు చొప్పున, లీగ్‌కి 30 మంది ఓటర్లు. అమెరికన్ లీగ్‌కి ఓటేసేవారు ఆ లీగ్ మేనేజర్లకే వెయ్యాలి. హాల్ ఆఫ్ ఫేమ్ (ఆటలోని దిగ్గజాల గౌరవ జాబితా) ఓటుతో దీన్ని కలపకండి. అక్కడ సంఘంలో పదేళ్ల సభ్యత్వం ఉన్నవారికే ఓటు, ఇక్కడ స్థానిక శాఖల నుంచి ఏటా ఎంపిక చేస్తారు.

2012 వరకు ఈ సంఖ్య వేరు. నేషనల్ లీగ్‌లో 16 జట్లుండేవి కాబట్టి 32 మంది, అమెరికన్ లీగ్‌లో 14 జట్లకు 28 మంది. హ్యూస్టన్ ఆస్ట్రోస్ 2013లో అమెరికన్ లీగ్‌కి మారాక రెండూ సమానమయ్యాయి. పాత ఫలితాల పాయింట్లను ఇప్పటి పాయింట్లతో పోల్చేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి.

పాయింట్లు ఎలా లెక్కిస్తారు? ఎక్కువ మొదటి ఓట్లు వచ్చినవాళ్లే గెలుస్తారా?

ఒక్కో ఓటరు ముగ్గురి పేర్లు వరుసగా రాస్తారు. మొదటి స్థానానికి 5 పాయింట్లు, రెండో స్థానానికి 3, మూడో స్థానానికి 1. మొత్తం పాయింట్లు ఎక్కువ వచ్చినవారే విజేత, మొదటి ఓట్లు ఎక్కువ వచ్చినవారు కాదు.

ఊహించి ఒక లెక్క వేద్దాం. ఒకాయనకు 12 మొదటి ఓట్లు, 6 రెండో ఓట్లు, 4 మూడో ఓట్లు వచ్చాయి. 60, 18, 4 కలిపితే 82. ఇంకొకాయనకు 10 మొదటి, 13 రెండో, 5 మూడో ఓట్లు. 50, 39, 5 కలిపితే 94. రెండో ఆయనే గెలుస్తారు. మొదటి ఆయన పేరును 8 మంది ఓటర్లు అసలు రాయనే లేదు, దెబ్బ అక్కడ పడింది. ఈ అవార్డులో 'అందరి కాగితం మీదా ఎక్కడో ఒకచోట ఉండడం' చాలా విలువైన సంగతి.

లీగ్‌కి మొత్తం 270 పాయింట్లు, ఒకరికి గరిష్ఠంగా 150. ఎక్కడైనా ఫలితాల పట్టిక చూసినప్పుడు అన్నీ కూడి 270 వస్తున్నాయో లేదో చూడండి. రాకపోతే ఎవరి పేరో వదిలేశారన్నమాట. ఇంకో సంగతి, 1983, 1984లో ఒక్కో ఓటరు ఒక్క పేరే రాసేవారు. ఇప్పటి 5-3-1 పద్ధతి 1985 నుంచి ఉంది.

ఇద్దరికి సమానంగా వస్తే?

పంచుకుంటారు. 1996లో అమెరికన్ లీగ్‌లో టెక్సస్ రేంజర్స్ మేనేజర్ జానీ ఓట్స్, న్యూయార్క్ యాంకీస్ మేనేజర్ జో టోరీ ఇద్దరూ విజేతలే.

వరల్డ్ సిరీస్ గెలిచిన మేనేజర్‌కి ఇవ్వకపోవడం అన్యాయం కదా?

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. సీజన్ చివర ఛాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్స్ (వాటి ఫైనలే వరల్డ్ సిరీస్) మొదలవకముందే ఓట్లు పెట్టెలో పడిపోతాయి. ఫలితం నవంబర్‌లో చెబుతారు కాబట్టి అక్టోబర్ ఆటలన్నీ చూశాకే ఓటేశారని అనిపిస్తుంది, కానీ ఓటర్లు చూసింది 162 మ్యాచ్‌ల రెగ్యులర్ సీజన్ మాత్రమే.

ఒకే ఏడాది వరల్డ్ సిరీస్, ఈ అవార్డు రెండూ అందుకున్నవారు ఉన్నారు: స్పార్కీ ఆండర్సన్ 1984, లసోర్డా 1988, టామ్ కెల్లీ 1991, టోరీ 1996, 1998, మైక్ సోషా 2002, జాక్ మెకియాన్ 2003, ఓజీ గియెన్ 2005. ఆ తర్వాత 2025 వరకు ఒక్కరూ లేరు. బ్రూస్ బోచీ శాన్ ఫ్రాన్సిస్కో జయంట్స్‌కి 2010, 2012, 2014లో మూడు వరల్డ్ సిరీస్‌లు తెచ్చిపెట్టినా, ఆయన దగ్గరున్న ఏకైక అవార్డు 1996లో శాన్ డియాగో పాడ్రేస్‌తో వచ్చింది. టొరాంటో బ్లూ జేస్‌తో 1992, 1993లో వరుసగా గెలిచిన సీటో గాస్టన్‌కి ఒక్కసారీ రాలేదు.

అన్యాయమా అంటే, కాదనే మా అభిప్రాయం. వరల్డ్ సిరీస్ గెలిచినవారికి వరల్డ్ సిరీస్ ఉంది. ఆరు నెలలు దాదాపు రోజూ ఆడే ఆటలో జట్టును నడిపించినవారిని గుర్తించే చోటు ఇది. దాన్ని నాలుగు వారాల ఆటతో ముడిపెట్టకపోవడమే మేలు.

## సీజన్ నడుస్తుండగా: ఎవరికి వస్తుందో అంచనా

ఎక్కువ మ్యాచ్‌లు గెలిచిన జట్టు మేనేజర్‌కే వస్తుందా?

అప్పుడప్పుడు. సియాటిల్ మారినర్స్ 2001లో 116 మ్యాచ్‌లు గెలిచింది, లూ పినెల్లాకి అవార్డు వచ్చింది. డాడ్జర్స్ 2022లో 111 గెలిచింది, డేవ్ రాబర్ట్స్‌కి రాలేదు. న్యూయార్క్ మెట్స్ మేనేజర్ బక్ షోవాల్టర్‌కి వెళ్లింది.

ఓటర్లు కొలిచేది గెలుపుల సంఖ్యను కాదు, మార్చిలో అందరూ అనుకున్నదానికీ సెప్టెంబర్‌లో జరిగినదానికీ మధ్య దూరాన్ని. ఈ ఒక్క మాట పట్టుకుంటే 1983 నుంచి వచ్చిన విజేతల్లో చాలామంది ఎందుకు గెలిచారో అర్థమవుతుంది. రాబర్ట్స్ తన మొదటి ఏడాది 2016లో గెలిచారు. ఆ తర్వాత 2020, 2024, 2025లో వరల్డ్ సిరీస్‌లు గెలిచినా ఈ అవార్డు మళ్లీ రాలేదు. డాడ్జర్స్ గెలుస్తుందని అందరూ ముందే అనుకుంటారు, ఆయన ఇంకెంత గెలిచినా ఆ దూరం పెరగదు.

బాల్టిమోర్ ఓరియోల్స్ 1988లో సీజన్ మొదట్లోనే వరుసగా 21 మ్యాచ్‌లు ఓడి, చివరికి 54 గెలుపులు, 107 ఓటములతో ముగించింది. మరుసటి ఏడాది అదే జట్టు 87 గెలిచి 75 ఓడింది. అగ్రస్థానం కోసం చివరి వారం దాకా పోరాడింది కానీ ప్లేఆఫ్స్‌కి చేరలేదు. అయినా 1989 అవార్డు ఫ్రాంక్ రాబిన్సన్‌దే. మేజర్ లీగ్‌లో మొట్టమొదటి నల్లజాతి మేనేజర్ ఆయనే, 1975లో క్లీవ్‌లాండ్‌తో మొదలుపెట్టారు. ఈ అవార్డు గెలిచిన మొదటి నల్లజాతి మేనేజర్ కూడా ఆయనే.

1991 అయితే ఈ అవార్డుకోసమే రాసిపెట్టిన ఏడాదిలా ఉంటుంది. 1990లో అట్లాంటా బ్రేవ్స్ 65, మిన్నెసోటా ట్విన్స్ 74 మాత్రమే గెలిచి, రెండూ తమ డివిజన్లలో (లీగ్‌లోని చిన్న గుంపుల్లో) అట్టడుగున ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి బ్రేవ్స్ 94, ట్విన్స్ 95. బాబీ కాక్స్, టామ్ కెల్లీ చెరో అవార్డు అందుకున్నారు, ఆ రెండు జట్లే వరల్డ్ సిరీస్‌లో తలపడ్డాయి.

ప్లేఆఫ్స్‌కి వెళ్లకపోయినా గెలవొచ్చా?

గెలవొచ్చు. డస్టీ బేకర్ 1993లో మేనేజర్‌గా తన మొదటి ఏడాదే జయంట్స్‌ను 72 గెలుపుల నుంచి 103కి తెచ్చారు. బ్రేవ్స్ 104 గెలవడంతో ప్లేఆఫ్స్ తప్పిపోయాయి, అవార్డు మాత్రం బేకర్‌కే వచ్చింది. కాన్సస్ సిటీ రాయల్స్ 2003లో 100 ఓటముల జట్టు నుంచి 83 గెలుపులకు చేరినప్పుడు టోనీ పేన్యాకి ఇచ్చారు, అప్పుడూ ప్లేఆఫ్స్ లేవు.

గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్నా ఇచ్చారా?

ఒకే ఒక్కసారి. 2006లో ఫ్లోరిడా మార్లిన్స్ అనుభవం లేని కుర్రాళ్లతో, అతి తక్కువ జీతాలతో ఆడి 78 గెలిచి 84 ఓడింది. మేనేజర్ జో జిరార్డీకి అవార్డు వచ్చింది. అప్పటికే ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

సీజన్ మధ్యలో వచ్చిన మేనేజర్‌కి అర్హత ఉంటుందా?

ఉంటుంది. జాక్ మెకియాన్ 2003 మే నెలలో మార్లిన్స్ బాధ్యత తీసుకునేసరికి జట్టు 16 గెలిచి 22 ఓడి ఉంది, ఆయన వయసు 72. ఆయన చేతుల్లో 75 గెలుపులు, 49 ఓటములు. ఆ ఏడాది అవార్డూ వరల్డ్ సిరీసూ రెండూ ఆయనవే. కొలరాడో రాకీస్‌ను 2009లో 18 గెలుపులు, 28 ఓటముల దగ్గర అందుకున్న జిమ్ ట్రేసీ కూడా ఇలాగే గెలిచారు.

ఎవరికి వస్తుందో నేను ముందే అంచనా వెయ్యాలంటే ఏం చూడాలి?

మార్చి చివర, సీజన్ మొదలయ్యే ముందు, ఒక్కో జట్టు ఎన్ని గెలుస్తుందని విశ్లేషకులు చెబుతున్నారో రాసి పెట్టుకోండి. ఇది అప్పుడే చెయ్యాలి. సెప్టెంబర్‌లో వెనక్కి తిరిగి చూస్తే 'అది నాకు ముందే తెలుసు' అనిపిస్తుంది, ఆ జ్ఞాపకాన్ని నమ్మకూడదు. సెప్టెంబర్ మధ్యలో ఆ సంఖ్యకూ అసలు గెలుపులకూ తేడా చూడండి. పది, పన్నెండు దాటిన జట్లు లీగ్‌లో మూడో నాలుగో ఉంటాయి. విజేత సాధారణంగా వాటిలోంచే వస్తారు.

తర్వాత చూడాల్సింది గాయాలు. ప్రధాన పిచర్లు సగం సీజన్ ఆడకపోయినా జట్టు నిలబడితే ఓటర్లు ఆ ఘనతను మేనేజర్ ఖాతాలో వేస్తారు. జట్టు వదిలి వెళ్లిన పెద్ద పేర్లు కూడా లెక్కకొస్తాయి. మిల్వాకీ బ్రూవర్స్‌ను క్రెయిగ్ కౌన్సెల్ వదిలి షికాగో కబ్స్‌కి వెళ్లాక, ఆయన వెనక బెంచ్ కోచ్‌గా (మేనేజర్‌కి ముఖ్య సహాయకుడిగా) పనిచేసిన పాట్ మర్ఫీ పగ్గాలు పట్టి 2024లో గెలిచారు. బ్రూవర్స్ చరిత్రలో ఈ అవార్డు అందుకున్న మొదటి మేనేజర్ ఆయనే. 2025లో జట్టు 97 మ్యాచ్‌లు గెలిచి తన పాత రికార్డు దాటింది, అవార్డు మళ్లీ మర్ఫీదే.

చివరగా, సీజన్ ఏ దిక్కుగా ముగుస్తోందన్నది. 2025లో క్లీవ్‌లాండ్ గార్డియన్స్ ఒక దశలో డెట్రాయిట్ టైగర్స్ కన్నా 15.5 మ్యాచ్‌లు వెనకబడి, చివరికి డివిజన్ గెలిచింది. స్టీఫెన్ వోట్‌కి వరుసగా రెండో ఏడాది అవార్డు రావడానికి ఆ పరుగు చాలా పనిచేసింది.

ఇది నిజంగా మేనేజర్ తెలివిని కొలుస్తుందా, లేక అదృష్టాన్నా?

కొంత అదృష్టం ఉంది, దాన్ని లెక్క కట్టే పద్ధతి కూడా ఉంది. జట్టు చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం కలిపిన మొత్తంతో భాగిస్తే, ఆ పరుగులకు సహజంగా రావాల్సిన గెలుపుల నిష్పత్తి వస్తుంది. 750 పరుగులు చేసి 700 ఇచ్చిన జట్టుకు 0.534 వస్తుంది, అంటే 162కి సుమారు 87 గెలుపులు. ఆ జట్టు 94 గెలిస్తే అదనపు ఏడూ చాలావరకు ఒక్క పరుగు తేడా మ్యాచ్‌ల నుంచి వచ్చి ఉంటాయి. బుల్‌పెన్‌ను చక్కగా వాడిన మేనేజర్ వాటిలో కొన్నిటికి కారణం కావచ్చు, అన్నిటికీ కాదు. యువ ఆటగాడిని తప్పు చేసినా నమ్మి మళ్లీ ఆడించడం, 162 మ్యాచ్‌ల పాటు డ్రెస్సింగ్ గదిలో గొడవలు రానివ్వకపోవడం ఏ పట్టికలోనూ కనిపించవు. రోజూ ఆ గదిలోకి వెళ్లే విలేకరుల చేతిలో ఓటు ఉండడానికి ఇదొక బలమైన సమర్థన.

## ప్రకటన రోజు

ఫలితం ఎప్పుడు చెబుతారు? ఇండియాలో ఎన్ని గంటలకు చూడాలి?

నవంబర్ రెండో, మూడో వారాల్లో ఒక వారమంతా అవార్డులే. సాధారణంగా సోమవారం రూకీలు, మంగళవారం మేనేజర్లు, బుధవారం సై యంగ్, గురువారం మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్. ప్రసారం ఎంఎల్‌బీ నెట్‌వర్క్‌లో వస్తుంది. నవంబర్‌లో న్యూయార్క్ కన్నా మన సమయం పదిన్నర గంటలు ముందుంటుంది. అక్కడ మంగళవారం సాయంత్రం 7 అయితే హైదరాబాద్‌లో, విజయవాడలో బుధవారం తెల్లవారుజాము 5:30. వేసవి లెక్క ప్రకారం తొమ్మిదిన్నర గంటలే తేడా అనుకుని గంట ముందే లేచి కూర్చునేవాళ్లున్నారు. అమెరికాలో గడియారాలు నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు.

ముందే ముగ్గురు ఫైనలిస్టుల పేర్లు చెబుతారు కదా, మళ్లీ ఓటింగ్ జరుగుతుందా?

జరగదు. లెక్కింపులో మొదటి మూడు స్థానాల్లో నిలిచినవారినే ఫైనలిస్టులుగా ప్రకటిస్తారు, వరుస మాత్రం దాచిపెడతారు. పేర్లు వచ్చాక ఎవరు ఎంత ప్రచారం చేసినా ఫలితం మారదు.

ఎవరు ఎవరికి ఓటేశారో తెలుస్తుందా?

తెలుస్తుంది. ఫలితం వచ్చాక సంఘం తన వెబ్‌సైట్‌లో ఓటర్ల పేర్లతో సహా ఎవరెవరికి ఓటేశారో పెడుతుంది. సొంత ఊరి మేనేజర్‌కి ఓటు వెయ్యకూడదన్న నిషేధం లేదు, అందుకే ఈ బహిరంగత అవసరం.

## గెలిచాక

ఎక్కువసార్లు గెలిచింది ఎవరు?

నాలుగేసి సార్లు ముగ్గురు. టోనీ లా రుస్సా (1983, 1988, 1992, 2002), బాబీ కాక్స్ (1985, 1991, 2004, 2005), బక్ షోవాల్టర్ (1994, 2004, 2014, 2022). ముగ్గురిలో షోవాల్టర్‌ది అరుదైన ఘనత. యాంకీస్, రేంజర్స్, ఓరియోల్స్, మెట్స్... నాలుగు వేర్వేరు జట్లతో నాలుగు అవార్డులు. డాలస్ చుట్టుపక్కల ఉంటూ ఆర్లింగ్టన్‌లో మ్యాచ్‌లకు వెళ్లే తెలుగువాళ్లకు ఆసక్తిగా ఉంటుందని చెబుతున్నాం, రేంజర్స్ తరఫున ఓట్స్, షోవాల్టర్, 2015లో జెఫ్ బానిస్టర్ ఈ అవార్డు అందుకున్నారు.

ఆటగాడిగా మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ అయ్యి, మేనేజర్‌గా కూడా గెలిచినవాళ్లున్నారా?

ఫ్రాంక్ రాబిన్సన్, జో టోరీ, డాన్ బేలర్, కిర్క్ గిబ్సన్, డాన్ మాటింగ్లీ. మాటింగ్లీ 2019లో 105 ఓటములు చూసిన మయామీ మార్లిన్స్‌ను, కోవిడ్ వల్ల 60 మ్యాచ్‌లకే కుదించిన 2020 సీజన్లో 31 గెలుపులతో ప్లేఆఫ్స్‌కి చేర్చారు.

ఈ అవార్డు వస్తే ఉద్యోగానికి ఢోకా ఉండదా?

అస్సలు కాదు. డేవీ జాన్సన్ 1997లో ఓరియోల్స్ యజమానితో పొసగక రాజీనామా చేసిన రోజే ఆయనకు అవార్డు ప్రకటించారు. 2014 విజేత మాట్ విలియమ్స్‌ని 2015 సీజన్ ముగియగానే, 2019 విజేత మైక్ షిల్ట్‌ని 2021లో, 107 మ్యాచ్‌లు గెలిపించిన 2021 విజేత గేబ్ కాప్లర్‌ని 2023లో, 2023 విజేత బ్రాండన్ హైడ్‌ని 2025 మే నెలలో తీసేశారు. కారణం కనిపెట్టడం కష్టం కాదు. అంచనాలు తక్కువగా ఉన్న ఏడాది అవార్డు వస్తుంది. వచ్చిన మరుక్షణం అంచనాలు పెరుగుతాయి. గాయాలు, ఒక్క పరుగు మ్యాచ్‌ల అదృష్టం మరుసటి ఏడాది మామూలు స్థాయికి వచ్చినా, యాజమాన్యానికి అది పతనంలాగే కనిపిస్తుంది.

హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఇది దారా?

సాయపడుతుంది, సరిపోదు. కాక్స్, లా రుస్సా, టోరీ 2014లో కలిసే చేరారు, మూడుసార్లు గెలిచిన జిమ్ లేలాండ్ 2024లో చేరారు. మూడుసార్లు గెలిచిన పినెల్లా మాత్రం రెండు సందర్భాల్లో ఒకే ఒక్క ఓటు తేడాతో ఆగిపోయారు. మేనేజర్లను ఎంచుకునేది విలేకరులు కాదు, విడిగా ఏర్పాటుచేసే చిన్న కమిటీ.

## ఇతర అవార్డులు

స్పోర్టింగ్ న్యూస్ వాళ్లది కూడా ఇదే పేరు. ఏది అసలుది?

రెండూ అసలువే. స్పోర్టింగ్ న్యూస్ పత్రిక అవార్డు 1936 నుంచి ఉంది, మొదటి విజేత యాంకీస్ మేనేజర్ జో మెకార్తీ. మొదట్లో మేజర్ లీగ్‌లన్నిటికీ కలిపి ఒక్కరికే ఇచ్చేవారు, 1986 నుంచి లీగ్‌కి ఒకరు. ఒకే ఏడాది రెండు అవార్డులూ వేర్వేరు మనుషులకు వెళ్లడం మామూలే. 1983కి ముందు ఎవరైనా 'మేనేజర్ ఆఫ్ ది ఇయర్' అని చదివితే అది విలేకరుల సంఘానిది కాదని గుర్తుంచుకోండి.

జపాన్‌లో ఇలాంటిది ఉందా?

కచ్చితంగా ఇదే కాదు కానీ దగ్గరిది ఉంది, మత్సుతారో షోరికి అవార్డు. 1977లో మొదలైంది. ఆటగాళ్లకూ మేనేజర్లకూ ఇద్దరికీ అర్హత ఉంది, మొదటి విజేత అప్పటికి ఇంకా ఆడుతున్న సదహరు ఓ. అయితే ఎక్కువగా జపాన్ సిరీస్ గెలిచిన మేనేజర్లకే వెళ్తుంది. 2005లో చిబా లొట్టే మెరైన్స్‌ను గెలిపించిన అమెరికన్ మేనేజర్ బాబీ వాలెంటైన్ దాన్ని అందుకున్నారు.